హుకుము లేని పటాలము

[సెప్టెంబరు మాసమున ఖమ్మము పట్టణమందలి యొక పఠనమందిరమున జరిగిన సభలో మేము చేసిన ప్రసంగపాఠము.]



రజాకారు అను మాటకు అర్థమేమి యని ఈ మందిరమునకు పత్రికలు చదువ వచ్చు పిల్లలను మేమప్పుడప్పుడు అడుగుచుందుము. దోపిడికాడని యొకడు, హంతకుడని యొకడు, నిజాము సిపాయి యని మరియొకడు చెప్పును. ఆ మూడును ఆ మాటకు తరువాత పట్టిన తుప్పే గాని దాని లోహము కాదు. ఉర్దూలో రజాకారనగా తన యిష్టముతో పనికి వచ్చినవాడు. మన వాడుకలో వాలంటీరు. ఉద్యమకాలమున చొక్కాకు బిళ్ళ తగిలించుకొని, సభలకు త్రాళ్ళు కట్టి, మంచినీళ్ళు మోసి, పోలీసు ఠాణాల వద్ద జామీను కాగితములు చేతబట్టుకొని నిలిచిన మావంటివారికి ఈ యర్థము మొదటిసారి తెలిసిననాడు కొంత కలత కలిగినది. వాలంటీరే రజాకారైనచో వానికిని మాకును నడుమ గీత యెచ్చట గీయవలెను? నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే మూలము.

సెప్టెంబరు 17 వచ్చినదనిన మన వీధులలో జెండాలు లేచును. ఒకరు విమోచనమందురు, ఒకరు విలీనమందురు. 2022లో రాష్ట్రప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమనెను. 2024లో వేరొక ప్రభుత్వము ప్రజాపాలన దినమనెను. పేరును గూర్చి వాదులాడుటకు మాకు ఓపిక లేదు. కక్షిదారు చచ్చి డెబ్బదియేండ్లు దాటిన తరువాత దావా శీర్షికను దిద్దుకొనుచు కూర్చుండుట వంటిదది. దావాలోని సంగతి యేమో చూతము.

మీర్ ఉస్మాన్ అలీఖాను ఏడవ నిజాము. 1911లో గద్దె నెక్కెను. ఆయన యేలిన హైదరాబాదు సంస్థానము 82,000 చదరపు మైళ్ళకు పైబడిన దేశము. 1941 జనాభా లెక్కలలో ఒక కోటి అరువది లక్షలకు మించిన ప్రజలు. వారిలో ముస్లిములు ఎనిమిదవ వంతు. తెలుగు, మరాఠి, కన్నడము మాటలాడు జనులకు ఉర్దూలో పరిపాలన. ఫర్మానే శాసనము. ఐదుగురు కూడి మాటలాడుకొనవలెనన్నను గస్తీ నిషాను 53 అను ఆజ్ఞ అడ్డముండెడిది. దాని ననుసరించి సభకు ముందుగా సర్కారు అనుమతి పొందవలెను. ఇప్పుడు మనము కూర్చున్నటువంటి పఠనమందిరముపైన కూడ అమీను కన్ను వేసియుంచెడి దినములవి. ఈ సంగతి నొక్కి చెప్పుటకు కారణమున్నది. పుస్తకములు చదువుకొనుటకు అనుమతి కావలసిన రాజ్యమున, కత్తులు త్రిప్పుచు వీధులలో కవాతు చేయువారికి ఏ యనుమతియు అక్కరలేకపోయెను.

మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీను అను సంస్థ 1927లో పుట్టినది. 1938లో బహద్దూర్ యార్ జంగు దాని కధ్యక్షుడాయెను. గొప్ప వక్త, ఆయన నోరు విప్పిన వేలమంది కదలక వినెడివారట. సంస్థానమున ప్రతి ముస్లిమును పాలకుడే, రాజ్యాధికారమున వానికి పాలున్నదని ఆయన బోధ. ఆ బోధ యెవరికి మత్తెక్కించునో యోచింపుడు. నవాబులకు దానితో పనిలేదు, వారెట్లును ఏలుచునే యుండిరి. నెలజీతము చాలని జవానునకు, బండి తోలువానికి, మగ్గము నమ్ముకొన్న వానికి, నీవు రాజువని చెప్పిన వాని యాకలి తీరదు గాని వాని మెడ నిలువుగా లేచును. అట్టివారితోనే ఆ సంవత్సరములోనే వాలంటీరు దళ మొకటి యేర్పడినది. అదే సంవత్సరము స్థాపింపబడిన హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును సర్కారు నిషేధించెను. ఆ నిషేధము 1946 వరకు తొలగలేదు. ఒక్క సంవత్సరమున రెండు సంస్థలు. ఒకదానికి జైలు, ఒకదానికి బాట.

1944లో బహద్దూర్ యార్ జంగు హఠాత్తుగా మరణించెను. 1946లో ఆ పీఠమెక్కినవాడు కాసిం రజ్వీ. ఇతడు అలీగఢులో చదివి లాతూరున ప్రాక్టీసు పెట్టిన వకీలు. మా వృత్తివాడే యని చెప్పుకొనుటకు మాకు కష్టముగా నున్నను చెప్పక తప్పదు. చట్టము చదివినవాడు చట్టమునకు సందెక్కడ నున్నదో అందరికంటె ముందుగా నెరుగును. రజ్వీ కనిపెట్టిన సందిది: ప్రభుత్వపు సైన్యము చేసిన పనికి ప్రభుత్వము జవాబు చెప్పవలెను, పోలీసు చేసిన పనికి మొహతమీము జవాబు చెప్పవలెను, ఒక సంస్థ వాలంటీర్లు చేసిన పనికి ఎవరును జవాబు చెప్పనక్కరలేదు. అతనిచేత ఆ దళము ఊరూర పెరిగినది. ఖాకీ దుస్తులు, తుపాకులు, బల్లెములు, కత్తులు. సాలారులు, వారిపై సాలారె సగీరులు, సాలారె కబీరులు, అందరిపైన అఫ్సరె ఆలా. దక్కనున ముస్లిము ఆధిపత్యమును నిలుపుటకు తుదివరకు పోరాడుదుమని ప్రమాణము. 1948 నాటికి రెండు లక్షలమందిమని చాటుకొనిరి. ఆ చాటింపులో డాంబికమే యెక్కువ; కాని డాంబికముతోనే పల్లెలు ఖాళీయగుచున్నప్పుడు తల లెక్కించుటకు నిలుచువాడెవడు? ఆ సంస్థ స్థావరమునకు దారుస్సలామని పేరు. అనగా శాంతినిలయము.

పటాలము బలమెంతయో 1947 అక్టోబరు 27న తెలిసినది. యథాతథపు ఒడంబడికపై సంతకమునకు ఢిల్లీకి బయలుదేరనున్న ప్రధాని ఛత్తారీ నవాబు, నిజాము న్యాయసలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహమ్మదు, ఈ మువ్వుర యిండ్లను తెల్లవారకముందే వేలమంది రజాకారులు చుట్టుముట్టిరి. అది మారుమూల గూడెము కాదు, రాజధాని. ముట్టడింపబడినవాడు సాక్షాత్తు ప్రధాని. అయినను గుంపును చెదరగొట్టుటకు పోలీసులు రాలేదు. ఛత్తారీ రాజీనామా యిచ్చెను. వేరొక రాయబారము వెళ్ళి నవంబరు 29న ఒడంబడిక ముగించెను. మీర్ లాయఖ్ అలీ ప్రధాని యాయెను. ఆ తరువాత పదినెలలు సంస్థానమున ఏ గ్రామాధికారికిని రెండు ప్రభుత్వములు. ఒకటి తహశీలులో, ఒకటి రజాకారు క్యాంపులో.

ఇక మన ప్రాంతపు సంగతి. ఈనాటి పిల్లలకు భద్రాచలమనిన బస్సెక్కి వారధి దాటి పోవు ఊరు. 1948లో ఆ నడుమ గోదావరి రెండు రాజ్యముల సరిహద్దు. ఖమ్మము అప్పుడు వరంగల్లు జిల్లాలో ఒక తాలూకా. జిల్లా యేర్పడుట 1953 అక్టోబరు 1న. ఏటి కీవల బూర్గంపహాడు, పాల్వంచ, ఇల్లెందు అడవులు నిజాము సీమ. ఆవల భద్రాచలము మదరాసు రాష్ట్రములోని తూర్పుగోదావరి ఏజెన్సీ. 1959లో గాని అది మన జిల్లాలో కలియలేదు. వారధి ప్రారంభమగుట 1965లో. అంతవరకు దోనెలు, పడవలే గతి. వర్షాకాలమున గోదావరి యెట్లు పారునో మీకు చెప్పనక్కరలేదు.

ఇంకొక చిత్రము. ఆవలి యొడ్డున శ్రీరామనవమికి కల్యాణమగు రామచంద్రమూర్తికి ఈవలి సర్కారు ఖజానానుండి ముత్యాల తలంబ్రాలు వెళ్ళెడివి. తానీషా కాలమునుండి వచ్చిన ఆచారమని ప్రతీతి; ఆసఫ్‌జాహీలును దానిని విడువలేదు. కావున హిందువుల దేవుడనిన గిట్టని రాజ్యమని ఒక్కమాటలో తేల్చివేయుట చరిత్ర కాదు. వేంకటరామారెడ్డివంటి కొత్వాలు ఆ రాజ్యముననే పని చేసెను. వెట్టిచాకిరితో ప్రజలను పీల్చిన దేశముఖులలో పెక్కురు హిందువులు. తమ గడీలను కాపాడుకొనుటకు రజాకారులను పిలిపించుకొన్నవారిలో విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి పేరు తెలంగాణమంతట తెలిసినదే. దళములో చేరిన దళితులు కూడ కొందరు గలరు. పోరు మతమునకు మతమునకు నడుమ మాత్రమే జరిగియుండినచో దానిని అర్థము చేసికొనుట ఇంతకంటె సులభముగా నుండెడిది.

మధిర వైపు పల్లెలవారు జగ్గయ్యపేటకు, బెజవాడకు పోయిరి. అక్కడ కాంగ్రెసు శిబిరములు వెలసెను. ఎర్రుపాలెపు బిడ్డ జమలాపురం కేశవరావుగారి పేరు ఈ ప్రాంతమున ఇంటింట వినబడిన దినములవి. కమ్యూనిస్టుల దళములు అప్పటికే పల్లెలలో దొరల భూములు పంచుచుండెను. ఆ దళములను వెదుకు మిషతో పోలీసులు వచ్చెడివారు, పోలీసుల వెనుక రజాకారులు. పంట, పశువులు, పుస్తెలు పోయెడివి. అడవి యంచున నున్నవారికి ఏరు దాటుటయే దారి.

మా తాతగారు బూర్గంపహాడు వైపు ఒక పల్లెకు పట్వారి. ఈ కథ మాకు వారే చెప్పిరి గనుక వినుడు. ఆ పల్లెలో ఒక ముస్లిము దర్జీ యుండెను. ఒకే కుట్టుమిషను, అయిదుగురు పిల్లలు. 1948 ఎండకాలమున రజాకారు సాలారొకడు వచ్చి ఒక తాను ఖాకీ గుడ్డ అరుగుపై పడవేసి నలుబది చొక్కాలు కుట్టుమనెను. కూలి మాట యెత్తలేదు. దర్జీ కుట్టెను. కొలతలకని క్యాంపునకు పోయివచ్చుచుండుటచే అక్కడి మాటలు వాని చెవిని బడెడివి. శ్రావణమాసమున ఒక సాయంకాలము వాడు మా తాతగారింటి దొడ్డివాకిట నిలిచి, "పంతులుగారూ, రేపు మీ ఊరి వంతు, రాత్రికే దాటుడు" అని చెప్పి దీపము వెలుగులోనికైనను రాక వెళ్ళిపోయెను. ఒక కోయ దోనెవాడు రెండు విడతలుగా వారిని దాటించెను. మా నాయనమ్మ బియ్యపు మూట, చంటిబిడ్డ. మా తాతగారి నెత్తిన పహాణీ పుస్తకముల మూట. ఇల్లు పోయినను లెక్క పోరాదని ఆయన పట్టుదల. మరునాడు ఆవలి యొడ్డునుండి పొగ కనబడెనట.

తక్కిన సంస్థానమున జరిగినవి మీరు వినియున్నవే. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా యెత్తిన జనముపై కాల్పులు జరిగెను. 1948 ఆగస్టు 27న బైరానుపల్లి. ఆ ఊరివారు బురుజెక్కి పలుమారులు దాడులను త్రిప్పికొట్టిరి. చివరకు రజాకారులతో కూడ పోలీసులు, నిజాము సైన్యము ఫిరంగులతో వచ్చెను. వందమందికి అటునిటుగా చచ్చిరి. ఈ వాక్యములో "కూడ" అను మాటను గుర్తుంచుకొనుడు. దానితో మాకు పని యున్నది.

ఆ ఆగస్టులోనే ఏడుగురు ముస్లిము ప్రముఖులు, బాకర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా మొదలగువారు, రజాకారు దళమును రద్దుచేసి భారతదేశముతో కలియవలెనని ప్రకటన సంతకము చేసిరి. దానిని తన ఇమ్రోజ్ పత్రికలో అచ్చువేసిన షోయబుల్లాఖానును కొద్దిదినములకే నడిరాత్రి నడివీధిని కాల్చి, చేయి నరికి చంపిరి. వయస్సు ముప్పదియేండ్లు నిండలేదు. సంస్థానపు వకీళ్ళు పలువురు ఆ సంవత్సరము నిరసనగా కోర్టులు విడిచిపెట్టిరి. రోజు కూలిపై బ్రదుకు చిన్న వకీలునకు అది చిన్న త్యాగము కాదు.

సెప్టెంబరు 13న భారతసైన్యము కదిలెను. షోలాపురమునుండి యొక దండు. మన వైపున బెజవాడనుండి కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేటకు నొక దండు. ఢిల్లీ ఎర్రకోటపై ఆసఫ్‌జాహీ పతాకము నెగురవేయుదుమనిన వీరులు ఐదు దినములు నిలువలేదు. 1,300 పైచిలుకు రజాకారులు చచ్చిరని సైన్యపు లెక్క. వారిలో పెక్కురు బల్లెములతో ట్యాంకుల కెదురేగిన నిరుపేదలు. తుపాకి లేని పల్లెపైన మాత్రమే సైన్యముగా చెల్లుబడియైన పటాలమది.

ఇప్పుడు మా అసలు వాదము. సెప్టెంబరు 17 సాయంకాలము నిజాము కాల్పులు నిలుపుమనెను, మంత్రివర్గము తొలగినదనెను, రజాకారు దళమును నిషేధించితిననెను. సెప్టెంబరు 23న రేడియోలో మాటలాడుచు, ఒక చిన్న గుంపు తన ప్రధాని యింటిని ముట్టడించి, హిట్లరు జర్మనీని తలపించు పద్ధతులతో రాజ్యమును చేజిక్కించుకొని, తన్ను నిస్సహాయుని గావించినదని చెప్పెను. బోనెక్కిన సాక్షి యిట్లు చెప్పినచో ఎదురుపక్షపు వకీలు అడుగవలసిన ప్రశ్నలు రెండే. అయ్యా, తమరు నిస్సహాయులైనచో బైరానుపల్లికి ఫిరంగులు తెచ్చిన సైన్యమెవరిది? అది రజ్వీది కాదు గదా, తమదే గదా? రెండవది: ఆ దళమును రద్దు చేయవలెనని భారతప్రభుత్వము నెలల తరబడి కోరుచుండగా చేతకాలేదంటిరి, సెప్టెంబరు 17న ఒక్క సాయంకాలమున, ఒక్క మాటతో, ఎట్లు చేతనైనది?

ఈ ప్రశ్నలను కోర్టులో ఎవరును అడుగలేదు. రజ్వీ బీబీనగరు దోపిడి కేసులో శిక్షపడి, 1957లో విడుదలై పాకిస్తాను చేరి, 1970లో కరాచీలో మరణించెను. లాయఖ్ అలీ గృహనిర్బంధమునుండి 1950లో తప్పించుకొని అక్కడికే పోయెను. నిజాము 1950 జనవరి 26న రాజప్రముఖుడై 1956 అక్టోబరు 31 వరకు ఆ పదవిలో నుండెను. రాజ్యము చల్లబడుటకు అట్లు చేయవలసివచ్చినదని పెద్దలందురు. కావచ్చును. రాజనీతికి అది చాలును, న్యాయమునకు చాలదు. హుకుము కాగితముపై లేకపోవుటయే ఆ పటాలపు నిర్మాణము. పని జరిగిన రాజునకు లాభము. బెడిసిన వాలంటీరుది నేరము.

నిజామే హిట్లరు పేరెత్తెను గనుక ఆ దేశపు సంగతియు కొంత చూతము. 1925లో నాయకుని అంగరక్షణకని కొద్దిమందితో పుట్టిన ఎస్సెస్ అను దళము, ఇరువదియేండ్లలో తన సొంత సైన్యము, సొంత చెరసాలలు, లక్షల శవములు గల రాజ్యమాయెను. నూరంబరుగు న్యాయస్థానము 1946లో దానిని నేరస్థసంస్థగా నిర్ణయించెను. ఆ తీర్పులో మమ్ము మిక్కిలి ఆకర్షించినది ఖండనము కాదు, మినహాయింపు. తన యిష్టము లేకయే బలవంతముగా చేర్చబడి, ఏ నేరమును చేయనివాడు ఆ ముద్రకు లోనుగాడని న్యాయమూర్తులు వ్రాసిరి. దేశాధిపతినను కారణమున ఎవనికిని బాధ్యత తప్పదని ఆ న్యాయస్థానపు నియమావళి. పైవానిని విడువరాదు, క్రిందివానిని గుడ్డిగా పట్టరాదు. మన సంస్థానమున ఈ రెండును తలక్రిందులైనవి. పైవాడు రాజప్రముఖుడు, క్రిందివానికి ఇరుగుపొరుగే న్యాయస్థానము.

ఈ మాట చెప్పక మానినచో మేము సగము చరిత్ర చెప్పినవారమగుదుము. పోలీసు చర్య తరువాత ముస్లిము జనులపై పగ తీర్చుకొనుట సాగెను. భారతప్రభుత్వము పంపగా పండిత సుందరలాలు, కాజీ అబ్దుల్ గఫారు మొదలగువారు 1948 చివర సంస్థానమున తిరిగి విచారించి, చచ్చినవారు 27,000 మొదలు 40,000 వరకు ఉందురని అంచనా వేసిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ఘోరము మిక్కుటము. మన వైపు అంత లేదు. ఆ నివేదిక ప్రజల కందుబాటునకు వచ్చినది 2013లో. అరువదియైదేండ్లు అది బీరువాలో నుండెను. రజాకారు బాధలు పడినవారి పిల్లలమైన మనము దానిని చదువుటకు జంకరాదు. బైరానుపల్లి లెక్క అడుగు హక్కు, ఈ లెక్కను కూడ చెప్పగలిగినవానికే యుండును.

మన వైపు అంత లేదంటిమి. ఎంత యున్నదో మా యింటి కథలోనే యున్నది. అక్టోబరులో మా తాతగారు ఏరు దాటి తిరిగివచ్చిరి. దర్జీ వచ్చి అరుగు క్రింద నిలిచెను. అరుగెక్కుమన్నను ఎక్కలేదట. నలుబది చొక్కాలు కుట్టిన సంగతి ఊరందరికిని తెలుసును; వాడు రజాకారని కుర్రవాండ్రు పేరు పెట్టిరి; మిలిటరీవారు విచారణకు వచ్చుచున్నారు. "నేను దళములో లేనని, ఆ రాత్రి మీకు చెప్పినది నేనేనని, ఒక చీటి వ్రాసి యిండు" అని అడిగెను. మా తాతగారికి వాడు చెప్పునది నిజమని తెలియును. తాము బ్రదికియుండుటయే సాక్ష్యము. కాని ఊరివారేమందురో నని జంకి, "రేపు చూతము" అనిరి. మరునాడును అట్లే యనిరి. మూడవనాడు దర్జీ యింటికి తాళములేదు, మనుషులు లేరు. కుట్టుమిషను మాత్రము అరుగుపైన నున్నది. ఎన్నటికిని వారి జాడ తెలియలేదు. మా తాతగారు వృద్ధాప్యమున ఈ కథ చెప్పునప్పుడెల్ల, "పహాణీలు తడవకుండ దాటించితిని గదా" అని, ఆ మీద మాట సాగక, చుట్ట వెదకికొనుచుండెడివారు.

అడవి కథ అక్కడ ముగియలేదు. కమ్యూనిస్టుల సాయుధపోరు 1951 అక్టోబరు వరకు సాగెను. దళములు గోదావరి అడవులలో చేరగా, వారికి కూడు దొరకకుండుటకై కోయ గూడెములను పెరికి శిబిరములకు చేర్చిరి. ఆ సంగతి విడిగా చెప్పవలసినది, ఇప్పుడు కాదు. 2005లో, స్వతంత్రభారతములో, ఎన్నికైన ప్రభుత్వముండగా, భద్రాచలమున కావల ఛత్తీస్‌గఢ్ అడవులలో సల్వా జుడుం అను దళము లేచెను. గోండీలో ఆ పేరునకు శాంతియాత్ర యని యొకరు, శుద్ధివేట యని యొకరు అర్థము చెప్పుదురు. దారుస్సలాము జ్ఞప్తికి రాలేదా? మావోయిస్టుల హింస నెరుగనివారము కాము. 2006లో ఎర్రబోరు సహాయశిబిరముపై వారు చేసిన దాడిలో చచ్చినవారును ఆదివాసులే. హైదరాబాదు నిజామునకును రాయపూరు మంత్రివర్గమునకును పోలిక లేదు; ఒకదానిని ఓటుతో దింపవచ్చును. కాని పటాలపు పద్ధతిలో పోలిక యున్నది. ఇది ప్రజలు తమంతట తాము లేచిన దళమనిరి. దానిలోని పడుచువారి నెన్నుకొని స్పెషల్ పోలీసు ఆఫీసర్లని పేరు పెట్టి, నెలకు 3,000 రూపాయల గౌరవవేతనమిచ్చి, తుపాకులు చేతికిచ్చిరి. వేలమంది గొత్తికోయలు ఊళ్ళు విడిచి మన జిల్లా అడవులలోనికి పారివచ్చిరి. 1948లో మా వారు ఏ భద్రాచలమునకు ప్రాణములు దాచుకొన పరుగెత్తిరో, ఆ భద్రాచలమునకే.

2011 జూలై 5న సుప్రీంకోర్టు, న్యాయమూర్తులు బి. సుదర్శన్‌రెడ్డి, ఎస్.ఎస్. నిజ్జరు, చదువురాని యడవి బిడ్డలకు తుపాకి యిచ్చి పోరునకు ముందు నిలుపుట రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమని, అట్టి దళములను నిలిపివేయవలెనని తీర్పు చెప్పెను. సుదర్శన్‌రెడ్డిగారు తెలంగాణపు బిడ్డ. 1948లో ఎవరును అడుగని ప్రశ్నను ఆ తీర్పు అడిగినది: తుపాకి యిచ్చిన చేయి యెవరిది? అదే యేట ఆ ప్రభుత్వము కొత్త చట్టము చేసి వారినే సహాయక పోలీసులుగా చేర్చుకొనెను. చట్టము చేయుట కోర్టుధిక్కారము కాదని 2025 మేలో సుప్రీంకోర్టు ఆ పిటిషనును ముగించెను. వకీలుగా ఆ వాక్యమును కాదనజాలము. చదివిన రాత్రి నిద్ర మాత్రము రాలేదు.

కొన్నియేండ్ల క్రిందట న్యాయసహాయమునకని మేము కొందరము అడవిలోని యొక గొత్తికోయ గూడెమునకు పోతిమి. రేషను కార్డులు, జనన పత్రములు, కులధృవీకరణము, ఇవే అచ్చటి వ్యాజ్యములు. అందరును పోయిన తరువాత ఒక ముదుసలి దుబాసీని పెట్టుకొని మా వద్ద కూర్చుండెను. తన కొడుకు జుడుములోను లేడు, దాదాలలోను లేడు. తాము పొలము విడిచి వచ్చినది భయముచేతనే. అట్లని ఒక కాగితము వ్రాసి యిమ్మనెను. అది యే కార్యాలయమున చెల్లునని మేమడుగలేదు. లాంతరు తెప్పించి అక్కడనే వ్రాసి, వాని వ్రేలిముద్ర వేయించి, సాక్షిగా సంతకము చేసితిమి. తరువాత ఒక కచేరీలో దానిని పుచ్చుకొనలేదని తెలిసినది. రెండవ ప్రతి మా దస్త్రములో నున్నది.